కిలో మీద యాభై గ్రాములు

పాతినుము కొట్టువాడు కాటా మీద పెట్టాడు.
కిలో మీద యాభై గ్రాములు.
యార్డులో పదకొండేళ్లుగా మిరప టిక్కీలు తూచి రాస్తున్నవాణ్ణి,
ముల్లు ఊగకముందే బరువు చెప్పగలను.
లోపలేముందో చెప్పలేకపోయాను.

రెండు కళ్ల యాషికా.
కింది కంటికి బూజు,
పై కంటికి శుక్లం.
మిట్టమధ్యాహ్నం వాకిట్లో కూచుని
వెనక తలుపు తీశాను.
రీలుంది.

ఎవరివో పన్నెండు మొహాలు
చప్పుడు చెయ్యకుండా ఎండలో కలిసిపోయాయి.
తలుపు మళ్లీ మూశాను,
ఎవరో నీళ్లు పోసుకుంటుంటే చూసుకోకుండా తోసినవాడిలా.

పట్నం బజారులో గడియారాల సైదా
మూత విప్పగానే మూడుసార్లు తుమ్మాడు.
మరల పళ్ల సందుల్లో ఎర్రటి పొడి.
"ఈ ఊరిదేనబ్బాయ్, అనుమానమే లేదు."

ఒక సెకను దగ్గర షట్టరు తెరుచుకుని
మూసుకోవడం మర్చిపోయేది.
నలభై ఏళ్ల నాటి గ్రీజు తుమ్మబంకయింది.
లైటరు పెట్రోల్లో ముంచిన సన్నటి కుంచెతో
ఒక్కో చక్రాన్నీ కడిగాడు సైదా,
పసిపిల్ల చెవులు కడిగినట్టు.
చివరికి ఆ సెకను
జుర్ర్‌మంటూ, ఎక్కడా ఆగకుండా,
ఒక సెకనంతా నడిచింది.
డబ్బులు తీసుకోలేదనను. మూడొందలు తీసుకున్నాడు.

రసం ఊడిన అద్దానికి బదులు
అరండల్‌పేటలో చచ్చిపడున్న జిరాక్సు మిషను అద్దం కోయించాను.
ఎన్ని మార్కుల లిస్టులు చూసిందో అది,
ఇప్పుడు ఆకాశం చూస్తోంది.
ఊడిన తోలుకి ఆటో సీటు రెగ్జిను,
మెరూను రంగు. అదే దొరికింది.

దీన్ని కంటికి ఆనించుకోరు.
పొట్ట దగ్గర పట్టుకుని తల వంచాలి.
గరుకు గాజు మీద యార్డు
కుడి ఎడమలు మార్చుకుని నిలబడుతుంది.
ఎడమకి పోయే హమాలీ గాజులో కుడికి పోతాడు,
వెంటపడి తిరిగామా, జారిపోతాడు.

ముచ్చికలు తీసే సువార్తమ్మ చెయ్యాపింది.
"అంత వంగావేంది, నాకు దండమా?"
"ఇది ఇట్టాగే చూడాలి పిన్నీ."
"మరి నేనే కంట్లోకి చూడాలి?"

పై కంట్లో నేనుంటాను,
కింది కంట్లో నువ్వుండిపోతావు.
అదంతా చెప్పలేదు. "ఎందులోకైనా" అన్నాను.
ఘాటుకి ఊపిరి బిగబట్టి నొక్కాను.

మందునీళ్లు ఇరవై డిగ్రీలుండాలి.
మే నెల గుంటూరు కుళాయి ముప్పై ఆరు.
సోడాబండి దగ్గర పది రూపాయల ఐసు,
బకెట్లో డబ్బా,
తలుపు సందుకి దుప్పటి.
పన్నెండులో తొమ్మిది ఊగిపోయాయి, తుమ్ములకి.
రెండింట్లో,
పై కంటికి కనపడని నా వేలు.

మిగిలిన ఒక్కదాన్నీ
చేటలో పెట్టుకుని చూసింది సువార్తమ్మ.
తన మొహం గురించి ఏమీ అనలేదు.
వెనకున్న రాశి మీద వేలుంచి,
"బంగారంలాంటి తేజా కాయని మాడ్చిపెట్టావు కదయ్యా" అంది.

ఎండ తిన్న ఆ పాత రీలు
నా బిల్లు పుస్తకాల సంచిలోనే ఉంది.
ఒకరోజు ఎవరూ లేనప్పుడు
పెద్ద కాటా మీద పెట్టి చూశాను.

ముల్లు కదల్లేదు.