తాలు

మార్చి నెల. గుంటూరులో గాలి కూడా ఘాటుగా ఉంటుంది.
ఏటుకూరు రోడ్డు పొడుగునా టిక్కీల లారీలు
ఆటోవాడి నుంచి ఎస్సై దాకా అందరూ తుమ్ముతున్న వేళ
సామ్రాజ్యం గారి ఫోను:
"నాగుల్‌మీరా, మన కొట్టు కనపడటం లేదంటయ్యా."

కొట్టు ఎక్కడికీ పోలేదు.
పట్నంబజారులో, ఇనప సామాన్ల సందు మలుపులో
రోకళ్ళ చప్పుడుతో సహా అక్కడే ఉంది.
వెతికేవాళ్ళకి అందే చోటే పోయింది.
గుంటూరు కారం అని ఎవరు కొట్టినా
మొదటి పేజీలో మూడో వరసలో ఉండేది
ఆరో పేజీకి జారింది.
ఆరో పేజీ అంటే
యార్డు గేటు అవతల, మురుగుకాలవ పక్కన
గోతాం పరుచుకుని కూర్చోవడం.

లోపలికి వెళ్ళి చూశాను.
ఒక్క రాత్రిలో పదకొండు వేల వేళ్ళు
మావైపు చూపిస్తున్నాయి.
పేకాట సైట్లు, మగతనం మందుల సైట్లు,
నోరు తిరగని భాషల్లో దొంగ గడియారాలమ్మే సైట్లు
అన్నీ ఒకే గొంతుతో:
"సామ్రాజ్యం మా మనిషే."

గిట్టనివాడి ఇంటిమీద రాళ్ళేయించడం పాత పద్ధతి.
ఇప్పుడు ఊళ్ళో తాగుబోతులందర్నీ పోగేసి
వాడి గుమ్మం ముందు వాడికే దండలేయిస్తారు.
మిగతాది చూసేవాళ్ళే అనుకుంటారు.

అదీ చాల్లేదు.
"మా అత్తగారు నేర్పిన కొలత,
కిలోకి నాలుగు వెల్లుల్లిపాయలు" అని
ఆవిడ చెబితే నేను టైపు చేసిన మాటలు
అక్షరం పొల్లుపోకుండా నలభై చోట్ల వెలిశాయి.
ఎవరి అత్తగారో తేల్చలేక
యంత్రం మమ్మల్నే దొంగ అనుకుంది.

ఎవరు చేశారో తెలుసు. రుజువు లేదు.
టీ బంకు దగ్గర రోజూ ఎదురై
"ఏం తమ్ముడూ, బిజీనా" అంటాడు.

"మనమూ చెయ్యచ్చా అట్లా?" అంది ఆవిడ.
చెయ్యచ్చు.
"ఎంతవుద్ది?"
ఎనిమిది వేలు.
చాలాసేపు జల్లెడ వంక చూసింది.
"ఎనిమిది వేలా! ఓ టిక్కీ తేజా వచ్చుద్ది కదయ్యా."
ధర్మం గురించి మా మధ్య
ఇంతకంటే చర్చ జరగలేదు.

మా అమ్మ జాన్‌బీ యార్డులో తాలు ఏరేది.
కుప్ప ముందు గొంతుక్కూర్చుని
ఎర్రకాయల్లోంచి తెల్లబోయినవి తీసి వెనక్కి విసిరేది.
సాయంత్రానికి వేళ్ళు మండి
చల్లలో ముంచుకునేది, అన్నం నేనే కలిపి పెట్టేవాణ్ణి.
"గుప్పెళ్ళతో తియ్యమాకురా,
మంచికాయ కూడా పోద్ది" అనేది.

మూడు వారాలు, రాత్రిళ్ళు, నేనూ అదే పని.
పదకొండు వేలూ ఒక్కొక్కటే విప్పి
ఇది మాది కాదు, ఇది మాది కాదు అని
పట్టీ రాస్తూ కూర్చున్నాను.
పొన్నూరు మేష్టారెవరో పచ్చళ్ళమీద రాసుకున్న పేజీ
అచ్చుతప్పులతో, వెలిసిన రంగులతో
అచ్చం తాలులాగే ఉంది.
విసరబోయి ఆగి చదివాను.
నిజంగానే మా కారం తిన్నాడు మేష్టారు.
దాన్ని ఎర్రకుప్పలో వేశాను.

కళ్ళు మండేవి.
వాటిని ముంచుకునే చల్ల ఎక్కడా లేదు.

పట్టీ పంపాను. జవాబు రాలేదు,
అవతల ఉన్నది జవాబు చెప్పే మనిషి కాదు.
మే నెలలో నాలుగో పేజీ,
జూన్ చివర రెండో పేజీ, అడుగున.
మొదటిది ఇంకా దూరం.
నిన్న రాత్రి మళ్ళీ కొత్తవి రెండొందలు దిగాయి.
ప్రతి లాట్‌లోనూ తాలు ఉంటుంది.

దొంగ పేర్లతో ఒక్క చుక్క వేసి తిట్టినవాళ్ళ మధ్య
ఒకావిడ, నరసరావుపేట నుంచి,
మూడు చుక్కలు వేసింది:
"కారం మంచిదే. ఉప్పు ఎక్కువైంది.
పాకెట్టు మూల చిరిగొచ్చింది."

తీసేయమంటావా అని అడిగాను.
సామ్రాజ్యం గారు కళ్ళజోడు సవరించుకుని
రెండుసార్లు చదివి,
రోకలి దగ్గరున్న మనిషిని కేకేసింది:
"ఏమే, ఉప్పు ఎవరేశారే మొన్న?"