నాలుగు నిమిషాలు

ఆరిలోవ కొండవాలు మీద రేకుల పాక.
ఏడో నెల చూడి గేదె
తెల్లారకముందే ఈసుకుపోయింది.

దేముడమ్మ గోనెసంచి విప్పి చూపించింది.
వెంట్రుక మొలవని చెవులు,
నేలని ఎరగని మెత్తటి పచ్చి గిట్టలు.

"ఏటి బాబూ, దిష్టేనా?
నిన్న మా తోటికోడలు గుమ్మంలో నిలబడి సూసెల్లింది."

దిష్టి కాదమ్మా అన్నాను.
ఆ తర్వాతి మాట దొరకలేదు.
కంటికి ఆననిదాన్ని
ఈ పాకలో ఏమని పిలవను?

చదువుకునే రోజుల్లో మాస్టారు చెప్పారు:
పశువు కడుపులో, మాయలో,
ఒక రకం చక్కెర ఉంటుందని.
ఆ తీపికే బ్రూసెల్లా మరుగుతుందని.
చీమే నయం, బారు కట్టి కనపడుతుంది.
ఇది కడుపు ఖాళీ చేసి
పొదుగులో కాపురం పెడుతుంది.

మెడ దగ్గర రక్తం తీసి ఆసుపత్రికి తెచ్చాను.
తెల్ల పలక మీద ఒక చుక్క సీరం,
పక్కన ఒక చుక్క గులాబీ రంగు మందు.
పుల్లతో కలిపి అటూ ఇటూ ఊపాలి
నాలుగు నిమిషాలు.
రెండో నిమిషానికే
విరిగిన పాలలా పలుకులు కట్టింది.

ఫోన్లో చెప్పాను:
వేరేగా కట్టు, పచ్చిపాలు ఎవరికీ పొయ్యకు,
గుంత లోతుగా తీసి సున్నం చల్లు, చేతులు...

"సేతుల్తోనే లాగేను బాబూ. ఇంకెలా లాగుతారు?"

సోమవారం వెళ్తే గుంజ ఖాళీ.
పలుపు చుట్టచుట్టి మేకుకి వేలాడుతోంది.
ఎక్కడికమ్మా అని నేను అడగలేదు.
ఆవిడ పాలు లేని టీ ఇచ్చింది.
రెండేళ్ల కిందట సంతలో
ఆవిడ చేతికి ఆ పలుపు ఇచ్చినవాడూ
ఏమీ చెప్పి ఉండడు.
రిజిస్టర్లో ఆ గడి దగ్గర
పెన్ను చాలాసేపు ఆగింది.

మూడు వారాలైంది.
పొద్దున్న బాగానే ఉంటాను.
హార్బర్లో ఓడ కూత వినపడే వేళకి
వెన్నులోంచి చలి,
అర్ధరాత్రి చెమట,
తెల్లారితే తడి చొక్కా తప్ప సాక్ష్యం లేదు.
సముద్రపు గాలి పడలేదంటుంది మా ఆవిడ.
ఆ రోజు గ్లౌజు బొటనవేలి దగ్గర చిరిగిందని
ఆవిడకి చెప్పలేదు.
చెప్పకపోవడం కూడా
ఒకరినుంచి ఒకరికి అంటుకుంటుంది.

ఇవాళ అందరూ వెళ్లాక
ల్యాబ్ తలుపు దగ్గరికి వేసి
నా రక్తం నేనే తీసుకున్నాను.
గడ్డకట్టేదాకా కూర్చున్నాను.
నాలో ఆ చక్కెర లేదు,
నేను మోసేదేమీ లేదు,
అయినా చెయ్యి కుదురుగా లేదు.

అదే పలక. అదే గులాబీ చుక్క.
ఊపుతున్నాను.

రెండో నిమిషం.