సున్నా టికెట్

పటాన్‌చెరు నుంచి కోఠి దాక
పదకొండేండ్లు స్టాపుల పేర్లు పిలిచిన.
మియాపూర్, కూకట్‌పల్లి, మూసాపేట్,
ఎర్రగడ్డ వచ్చినప్పుడల్ల
వెనక సీట్ల పోరగాండ్లు ఒకన్నొకడు నూకుకునేటోళ్లు:
"దిగురా, నీ స్టాపొచ్చింది!"
బస్సంత నవ్వేది.
నేను గూడ నవ్విన. అబద్ధమెందుకు.

ఎప్పుడు మొదలైందో తెల్వదు.
జ్వరానికి తారీకుంటది,
కాలిరిగితే పట్టీ ఉంటది.
ఇది అట్ల గాదు.
అలారం కన్న ముందే మెలకువ,
మెలకువైనంక లేవబుద్ధి గాదు.
చాయ పొంగి స్టవ్ మీద పారుతుంటె
చూసుకుంట నిలబడ్డ.
చెయ్యి రెండడుగుల దూరంల ఉండె,
లేవలే.

ఏడ్వలేదు, అది గూడ చెప్పాలె.
ఏడిస్తె ఎవరన్న అడుగుదురేమో.
కూరల ఉప్పెక్కువైనా ఒకటే, తక్కువైనా ఒకటే.
చెల్లెకు బిడ్డ పుట్టిందని ఫోనొస్తె
"మంచిది" అన్న.
మిషన్ల నుంచి టికెట్ కాయిదం వచ్చినట్టు
వచ్చిందా మాట.

అత్త దిష్టి అన్నది, నిమ్మకాయ కోసింది.
ఆయన డ్యూటీ మార్పిచ్చుకో అన్నడు.
డిపో డాక్టరు రక్తం తక్కువుంది,
పల్లీలు బెల్లం తిను అన్నడు.
తిన్న.
రక్తమైతే పెరిగింది.

రాత్రి డిపోల పైసలు లెక్కగట్టి ఇచ్చేటప్పుడు
ఇంకో లెక్క తిరిగేది తలకాయల:
నేను లేకుంటె ఎవరికెంత తక్కువైతది?
ఎన్నిసార్లు కూడినా సున్నానే వచ్చేది.
ఆ లెక్క ఎవ్వరికీ చూపియ్యలే.

జహంగీర్ భాయ్ మాట్లాడే మనిషి గాదు.
ఏడాది సంది ఆయన తోల్తడు, నేను కొడ్త.
ఒకనాడు ఇంజిను బంద్ చేసి,
దిగకుంట అట్లనే కూసోని అన్నడు:
"అక్కా, నెలాయె, నువ్వు స్టాపులు పిలుస్తలేవు.
అద్దంల చూస్తున్న.
నోరు తెరుస్తవు, ఆవాజ్ రాదు."

ఇంట్ల నలుగురం ఎదురెదురుగ కూసోని తింటం.
వీపు తిప్పి కూసున్న మనిషికి కనబడ్డ.

"మా బామ్మర్ది గిట్లనే ఉండె.
నేనే తోల్కపోయిన ఎర్రగడ్డకు.
ఇప్పుడు మెహదీపట్నంల చెప్పుల దుకాణం నడుపుతుండు.
పాగల్ గాదక్కా. బీమార్. అంతే."

నా ఆఫు రోజు, బేస్తారం,
వేరే డిపో బస్సెక్కిన.
కొత్తగొచ్చిన పిల్ల, కండక్టరు: "ఎక్కడికి?"
పదకొండేండ్లు నేనడిగిన మాట.
"ఎర్రగడ్డ."
వినబడలే. మళ్ల చెప్పిన.
బస్సంత తిరిగి చూస్తదనుకున్న.
ఒక పిలగాడు ఫోన్ల ఆట ఆడుకుంటుండె,
ఒకామె గోంగూర కట్టలు సర్దుకుంటుండె.
పిల్ల సున్నా టికెట్ చింపి చేతుల పెట్టింది.
వేల టికెట్లు కొట్టిన నేను
మొదటిసారి ఒకదాన్ని మొత్తం చదివిన.

ఓపీ చిట్టి నలభై మూడు.
బెంచి మీద నా పక్కకు కాలేజి బ్యాగుతోని ఒకడు,
టిఫిన్ డబ్బ ఒళ్లె పెట్టుకోని ఒక ముసలాయన.
అందరి మొఖాలు
నా బస్సుల రోజూ ఎక్కే మొఖాలే.

డాక్టరమ్మ నిద్ర అడిగింది, ఆకలి అడిగింది,
"బతకొద్దనిపిస్తదా" అని గూడ
చిల్లరున్నదా అన్నంత మామూలుగ అడిగింది.
నేను ఆ లెక్క చెప్పిన.
ఆమె పెన్ను కింద పెట్టింది.
గంట సేపు తీసుకున్నదో, పది నిమిషాలో,
నాకు గడియారం యాదికి లేదు.

గోలీలు నెమ్మదిగ పనిచేస్తయన్నది. మధ్యల ఆపొద్దన్నది.
వారం వారం వచ్చి మాట్లాడమన్నది.
రెండు వారాలు ఏం గాలే. మూడోది గూడ అంతే.
అయిదో వారం పొద్దుగాల,
తింటున్నదాన్ని ఆగి "ఉప్పెక్కువైంది" అన్న.
అందరు నా దిక్కు చూసిన్రు.
అత్త గిన్నె లాక్కొని రుచి చూసింది:
"అవు, ఎక్కువైంది."

పూర తక్కువ గాలే.
కొన్ని పొద్దులు ఇంక బరువే.
గని మూసాపేట్ దాటినంక గొంతు లేస్తది:
ఎర్రగడ్డ, ఎర్రగడ్డ!
వెనక పోరగాండ్లు నూకుకుంటనే ఉన్నరు.
నేను నవ్వ. తిట్ట గూడ తిట్ట.
"రైట్" అనే ముందు
జర ఎక్కువ సేపు ఆగుత.
జహంగీర్ భాయ్ అద్దంల చూస్తడు, ఏమనడు.

దిగేటోళ్లు ఉంటరు.
లేచి నిలబడనీకి టైం పడ్తది.