ఎనభై ఐదు, ఆ పైన

టాలిన్‌లో మూడున్నరకే చీకటి పడింది.
హీటరు మీద తడి చేతితొడుగులు ఆరుతున్నాయి.
తెర మీద నాలుగువేల పన్నెండు వరసలు.
పేర్లు ఎప్పుడో తీసేశారు.
అయినా
రెండువేల ఏడో వరస నన్ను చూసి తలూపింది.

ఆడమనిషి. తొంభై ఒకటి.
బడి లేని, డాక్టరు లేని దీవి.
వృత్తి: తేనెటీగల పెంపకం.
కవల కొడుకులు. ఇద్దరూ లేరు.
ఇంక పేరెందుకు?
పడవ నడిపే కుర్రాణ్ణి అడిగినా
గుమ్మం రంగుతో సహా చెబుతాడు.

పని మొదలుపెట్టాను.
తొంభై ఒకటిని ‘ఎనభై ఐదు, ఆ పైన’ అన్నాను.
తేనెటీగల్ని వ్యవసాయంలో కలిపేశాను,
ఒక్కటీ కుట్టలేదు.
కవలల గడి దగ్గర ఆగిపోయి
టీ తెచ్చుకుని, అది చల్లారాక
ఖాళీ చేశాను.
చివరికి దీవినే మార్చేశాను.
దక్షిణాన బంగాళాదుంపల జిల్లాలో
ఎవరో ముసలామెతో
ఊరికి ఊరు ఇచ్చిపుచ్చుకున్నాను.
మన్నించు తల్లీ,
పుట్టినప్పట్నించీ వింటున్న సముద్రాన్ని
ఒక్క మీటతో నీకు దూరం చేశాను.

పక్క బల్ల నుంచి మరెట్ అంది:
“ఇంతలా చెరిపితే
పరిశోధించేవాళ్ళకి మిగిలేదేంటి, బూడిదా?”

ముప్పై నాలుగో ప్రశ్న మిగులుతుంది.
గత వారంలో ఎన్ని రోజులు
మీరు ఎవరితోనూ మాట్లాడలేదు?
ఏడు.

దాన్ని మాత్రం ముట్టుకోలేదు.

ఎనిమిదో రోజున ఆ తలుపు తట్టింది
మా మనిషే, ప్రశ్నల కట్టతో.
వచ్చేటప్పుడు
ఒక సీసా తేనె చేతిలో పెట్టిందట.

దానికి గడి లేదు.