ఙ

ఆమదాలవలస టూరింగ్ టాకీసులో
రీళ్ళు వెనక్కి చుట్టే కుర్రాణ్ణి నేను.
తెర మీద ఆవిడ పేరు నీలాంజన.
మా వీధిలో పొట్నూరు సన్నాసమ్మ,
ఏడేళ్ళప్పుడు రంగంలో ఓడెక్కి
ఒక గిన్నెతో దిగిన పిల్ల.

దవడలెత్తు, కళ్ళు చిన్నవి అని
మద్రాసు వాళ్ళు క్లబ్బు డాన్సు ఇచ్చారు,
చైనా గూఢచారి ఇచ్చారు,
కొండపిల్ల వేషం నాలుగుసార్లు.
పక్కింటమ్మాయి వేషం ఒక్కటీ రాలేదు.
నిజానికి మాది పక్కిల్లే.

గొంతు కూడా ఇంకెవరిదో పెట్టారు.
యాస పోలేదన్నారట,
ఏ యాసో చెప్పలేదు.

ఒక సీనులో హీరో చచ్చిపోతుంటే
ఆవిడ పెదాలు ఒకటంటాయి,
స్పీకరు ఇంకోటి ఏడుస్తుంది.
రీలు తెగినప్పుడల్లా అతికించి
మిగిలిన ముక్క జేబులో వేసుకునేవాణ్ణి.

వేషాలు అయిపోయాక వచ్చేసింది,
స్టేషను రోడ్డులో కుట్టుమిషను.
చొక్కాకి కాజాలు వేయించుకుంటూ అడిగాను:
"అప్పా, అక్కడ ఏటన్నావు?"
పళ్ళ మధ్య సూది తీయకుండానే నవ్వింది.
"డైలాగు మర్సిపోనాన్రా.
ఒకట్లు లెక్కెట్టినాను, మా రంగం లెక్క.
తిట్, నిట్, తోన్, లే, ఙా."

ఙా.
పలక మీద వంద సార్లు దిద్ది
మనం ఒక్క మాటకీ వాడని అక్షరం.

ఆవిడ పోయిన మర్నాడు
పేపర్లో కరెంటు కోతల గురించి ఉంది.
డబ్బాలోంచి ఆ ముక్క తీసి
కిటికీకి అడ్డంగా పట్టాను.
నోరు కొంచెం తెరిచే ఉంది,
అయిదు దగ్గర.