కొలతలకి వచ్చే బాబుకి

ఐటీఐ జంక్షన్లో బస్సు దిగు బాబూ.
కొండ పేరేంటని ఎవర్నీ అడక్కు,
దానికి పేరు లేదు.
మీ కాయితాల్లో ఏదో నంబరుంటుందట,
మేం మాత్రం ‘పైన’ అంటాం.
‘పైనుంటాం’ అంటే చాలు
రేషను డీలరు మొహం చిట్లించుకుంటాడు.

ఎండుచేపల వాసన దాటేక ఎడమకి తిరుగు.
ఆ బుట్ట మధ్యాన్నం ఉండదు,
అప్పుడొస్తే ఇస్త్రీ బండి గుర్తు.
అక్కణ్ణుంచి దార్లు మూడు.
ఏది దగ్గరంటే ఏం చెప్పను,
నీ చేతిలో ఏముందో చెప్పు ముందు.

ఉత్త చేతులైతే మెట్లు.
నూట ఎనభై ఆరని మా గుంటడంటాడు,
నూట తొంభై అంటుంది పక్కింటి పిల్ల.
ఇద్దరిదీ నిజమే.
నాలుగు మెట్లు హుద్‌హుద్ గాలివానకి జారి
మట్టిలో కూరుకుపోయేయి,
అలవాటైన కాలికే తగుల్తాయి.

గ్యాస్‌బండైతే ట్యాంకు రోడ్డు.
చుట్టు తిరుగుడే గానీ ట్యాంకు దాకా ఆటో వస్తుంది,
ఆ పైన గంగులు భుజమ్మీద వస్తుంది.
మెట్టుకి రూపాయి లెక్కన తీసుకోరా అన్నానోసారి.
‘ఖాళీ బండతో దిగితే సగం ధరా?’ అని నవ్వేడు.

మూడోది కాలవ గట్టు.
మేకలది, తాగినోళ్లది, వానొస్తే నీళ్లది.
సీతాలు కూతురు ఓ తెల్లారగట్ట
చెప్పులు చేత్తో పట్టుకుని అటే దిగి వెళ్లిపోయింది.
మంచి పని చేసింది.

అసలు సంగతి మెట్ల మలుపు దగ్గరుంది,
టేపు అక్కడ జాగ్రత్తగా పట్టు.
అసిరయ్య గోడకీ బండరాయికీ నడుమ
రెండు మూరలు కూడా లేదు.
మనిషి పడతాడు,
బిందె పక్కకి వంచితే పడుతుంది,
పాడె పట్టదు.

అందుకని పైన ఎవరైనా పోతే
డప్పు వినగానే అసిరయ్య లేచి
గోడమీది కుండీలు ఒక్కొక్కటే దించుతాడు.
రెండు కనకాంబరాలు, ఓ తులసి,
పెయింటు డబ్బాలో కలబంద.
పాడె గోడమీంచి వెళ్తుంది.
ఆనక మళ్లీ సర్దుతాడు,
ఏ కుండీ చోటు ఆ కుండీకే.

పోయిన ఆదివారం డప్పు లేకుండానే దించేడు.
చూసినోళ్లకి గుండె గుభేలు.
ఎవరు, ఎవరని కిందిదాకా పాకింది,
టీకొట్టు సూరీడు షట్టరు సగం లాగేసేడు కూడా.

నూకరత్నం.
మోకాళ్లు పోయి నాలుగేళ్లు,
పైనుంచి కదిలింది లేదు.
గుమ్మంలో కూర్చుని ఓడలు లెక్కెడుతుంది,
ఆగినవి ఒక లెక్క, కదిలేవి ఒక లెక్క.
‘కనబడుతుంది గానీ సప్పుడు రాదే, ఒలే’ అనేది నాతో.

నీలం ప్లాస్టిక్కు కుర్చీ,
రెండు వెదురు కర్రలు,
నలుగురు కుర్రాళ్లు, అందులో ఇద్దరు
నైట్‌షిఫ్టు దిగి నిద్ర మానుకున్నోళ్లు.
గోడమీంచి వెళ్తూ ఆవిడ
అసిరయ్య నెత్తిన చెయ్యేసి
‘రేపు నిజంగా ఎల్లినప్పుడు కూడా ఇలాగే దించుతావా’ అంది.
‘ముందు బరువు తగ్గు’ అన్నాడు ముసలాడు.
మలుపు దాటగానే కుర్చీ దింపేసి
నవ్వాగక అందరూ మెట్లమీదే కూలబడ్డారు.

బీచిలో ఏం చేసిందో నాకు తెలీదు,
నేను వెళ్లలేదు, జాకెట్లు కుట్టాల్సినవున్నాయి.
చీకటి పడ్డాక తిరిగొచ్చింది,
కుడి చెవిలో ఇసక.
అదెలా పడిందే అంటే చెప్పలేదు.

ఎక్కించడం దించినంత సులువు కాదు బాబూ.
మూడు చోట్ల ఆగేరు.
ఆ మూడు చోట్లా సున్నంతో గీత గీయించేను.
రెయిలింగు తర్వాత,
ముందు అక్కడ అరుగులు రాసుకో.
నీ ఫారంలో గడి లేదంటావేమో,
వెనకవైపు ఖాళీయే కదా.

కుండీలింకా మెట్లమీదే ఉన్నాయి,
చూసుకుని నడు.
గోడెక్కించవేం అంటే
‘మళ్లీ ఆదివారం ఎల్తానందిగా’ అంటాడు అసిరయ్య.

ఎండెక్కక ముందే రా.
నీళ్లు తెచ్చుకో,
మాకు కుళాయి రోజు విడిచి రోజు.