ఉంగరం పడని గొట్టం

నా పని కడగడం.
పీటర్స్‌బర్గ్‌లో, వీబోర్గ్ వైపు, ట్రాము మలుపు తిరిగేచోట
ఆహార సాంకేతిక కళాశాల, రెండో అంతస్తు.
ముప్పై ఒక్కేళ్లుగా రంగులన్నీ
నా దగ్గరికి మరకలై వస్తాయి.

నిన్‌హైడ్రిన్‌ని ముందు నా వేళ్లే పసిగడతాయి.
తొడుగు చిరిగిన రోజున
బ్లూబెర్రీలు దొంగిలించిన పిల్లకి మల్లే
బొటనవేలు ఊదాగా తిరుగుతుంది.
సబ్బుకి లొంగదు. చర్మం పాతబడి రాలాల్సిందే.
నత్రికామ్లం పసుపు ఇంకా మొండిది.
రీమ్మా అర్కాద్యెవ్నా చూపుడువేలి మీద ఎప్పుడూ ఓ మచ్చ.
"ఇదిగో, నేనూ ప్రోటీన్‌నే" అని
ప్రతి సెప్టెంబరులో కొత్త పిల్లలకు చూపిస్తుంది.

పాదరసం గొట్టాలు విడిగా వస్తాయి,
అడుగున ఇటుకపొడి పేరుకుని.
వాటిని తొట్టిలో పారబోయకూడదు,
సంతకం పెట్టి పీపాలో వంపాలి.
సీసంతో జుట్టు మరిగిస్తే నలుపు.
జఖార్ ఒకసారి తన ముంగురులే కత్తిరించి ఇచ్చాడు.
ఆ శనివారం వాళ్లక్క పెళ్లి. వాళ్లమ్మ ఫోన్ చేసి
మమ్మల్నందరినీ తిట్టింది.

ఇవాళ ట్రిప్టోఫాన్.
ఒక గొట్టంలో గుడ్డు తెల్లసొన, ఒకదాంట్లో జెలటిన్.
గొట్టం వంచి, గోడ వెంబడి గంధకామ్లం జార్చాలి,
కుదపకుండా, ఊపిరి బిగబట్టి.
బరువైంది అడుక్కి, తేలికది పైకి.
రెండూ ఆనుకునే గీత మీద
తెల్లసొనకి ఊదా ఉంగరం పడింది.
పిల్లలు ఫోన్లు తీశారు.
జెలటిన్‌లో గీత గీతలాగే ఉంది.
ఇంకాసేపు చూశారు. గీతే.
"ఎముకలూ తోళ్లూ ఉడికిస్తే వచ్చేది. ప్రోటీనే,
కానీ ఆ ఒక్కటి లేదు. ఇదొక్కటే తిని ఎవరూ బతకలేరు."
బోర్డు మీద రాసింది: అసంపూర్ణం.

నేను ట్రేతో తలుపు దగ్గర నిలబడి ఉన్నాను.

దిగ్బంధం తొలి చలికాలం, మా అమ్మకు ఏడేళ్లు.
వడ్రంగి తాత యుద్ధానికి పోయాక
మూలన మిగిలినవి జిగురు పలకలు, పదకొండు.
అమ్మమ్మ నానబెట్టి, లారెల్ ఆకు వేసి కాచి
కిటికీలో పెడితే గడ్డకట్టేది.
"అదీ మాతోపాటే వణికేది" అని అమ్మ నవ్వేది.
అమ్మా, సేన్య మామయ్యా.
ఒకే గిన్నె, రెండు చెంచాలు.
మార్చికి ఒక చెంచా చాలింది.

తనను బతికించింది ఆ జిగురేనని
చివరిదాకా అనేది అమ్మ.
ఉండుంటే చెప్పేదాన్నా ఈ సంగతి? చెప్పను.
ఆ ఒక్కటీ తనకి ఎక్కణ్ణించి వచ్చిందో,
రంపపు పొట్టు కలిసిన నూట పాతిక గ్రాముల రొట్టెలోంచో,
సేన్య తినలేక ఇటు తోసిన ముక్కలోంచో,
దానికి పరీక్ష లేదు.

సాయంత్రం అన్ని తరగతుల గొట్టాలూ వచ్చాయి.
నలుపు వదిలింది.
పసుపు వదల్లేదు, రేపటిదాకా నానాలి.
ఏ మరకా లేని ఆ ఒక్కదాన్ని
బ్రష్ పెట్టి ఇంకోసారి, ఇంకోసారి తోమి,
దీపానికి ఎత్తి చూసి,
బోర్లించి ఇంటికి పోయాను.